చెవితో పెట్టే టాపెట్లు

బోధన్ రోడ్డులోని మా షెడ్డులో మా బాపు, బండి ఇంజిన్లలో వాల్వులను కదిపే టాపెట్ల సందును వాటి చప్పుడు విని చెవితోనే సరిచేస్తాడు. గేజు పెట్టి కొలుద్దామంటే చాలు, నా మీద ఒంటికాలిపై లేస్తాడు.

ఇవాళ పరమేశ్వర్ అనే వరి రైతు బండికి స్క్రూలు తిప్పి, ఇంజిన్ నడిపిస్తూ నవ్వాడు.

“సూడు సుమనా, సప్పుడు మొత్తం బందయింది.”

టాపెట్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. పరమేశ్వర్ మొహం ఎర్రబడింది.

“గిదేంది ముత్తన్నా, నన్ను పిచ్చోన్ని జేస్తున్నవా?”

బాపు అటు చూడనైనా లేదు. నాకు ఒళ్లు మండింది.

“ఇంజిన్ బంద్ జెయ్ బాపూ! సల్లారినంక గేజు పెట్టి నేనే సూస్త!” అని వెనక నుంచి కసిరాను.

తిట్ల కోసం కాచుకున్నాను.

బాపు నవ్వుతూనే స్క్రూడ్రైవర్ తుడుచుకుంటున్నాడు.