స్నానాల గదిలో మబ్బు

ప్రతి సాయంత్రం టీ అయ్యాక థెల్మా తొట్టినిండా వేణ్ణీళ్ళు పట్టుకుని, తలుపు గడియ వేసుకుని, మెడ దాకా మునిగి కూర్చునేది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనిలో నడుం పడిపోయిన రోజుల నుంచీ అదే అలవాటు. ఆ ఆవిరిలోంచే ఓ చలికాలం మబ్బు పుట్టింది. దిండంత ఉండేది. అద్దానికి కాస్త పైన, సీలింగుకి కాస్త కింద నిలబడేది. అప్పుడప్పుడూ నాలుగు చినుకులు రాల్చేది. థెల్మా తువ్వాలు తీసి పక్కన పెట్టేది. ఇంటికొచ్చిన చుట్టాలు తల కొంచెం వంచుకుని దాని కింద చేతులు కడుక్కునేవాళ్ళు. ఆ ఇంట్లో థెల్మాకి సలహా ఇవ్వనిది అదొక్కటే.

సలహాలన్నీ ఆమె మొగుడు రోలండ్‌వి. ఇంగ్లండులో టాడ్‌మోర్డెన్ అనే ఆ ఊరి బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు గానీ, ఆ పెత్తనం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. గిన్నెలు ఏ వరసలో తోమాలో, కర్టెన్ ఏ చేత్తో లాగాలో అన్నీ చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో థెల్మాకి కోపం వచ్చేది. తర్వాత ఏడుపొచ్చేది. రెండూ అరిగిపోయి ఇప్పుడు ఒట్టి చులకన మిగిలింది. చెప్పుకి అంటుకున్న పేడని చూసినట్టు అతన్ని చూసేది. ఆ చూపుతో కాపురం బాగానే నడిచిపోయింది. ఎదుటి మనిషి నుంచి ఏమీ ఆశించకపోతే బతుకు చాలా తేలిక.

నవంబరు మొదట్లో నీళ్ళు చల్లబడ్డాయి. ఇంటినిండా గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు చెయ్యి పెడితే కాలుతున్నాయి. కుళాయి తిప్పితే మాత్రం గోరువెచ్చన. వంటింట్లోనూ అంతే, పైన తొట్టిలోనూ అంతే.

"ప్రెషర్ పడిపోయింది," అన్నాడు రోలండ్, వంటింటి గోడకున్న నీళ్ళు కాచే బాయిలర్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని.

ప్రెషర్ ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.

"అయితే సున్నం పట్టేసింది."

"ఈ లోయలో నీళ్ళకి సున్నమెక్కడిదయ్యా? మన కెటిల్ చూడు, అద్దంలా ఉంది."

"నీకేం తెలుసే," అని అతను చెంచాతో బాయిలర్‌ని టంగుటంగుమని రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, డాక్టరులా తలాడించాడు. "ముసల్దైపోయింది. దీంతో సర్దుకుపోవాలి. ఓ నాలుగు చెంబులు పోసుకుని వచ్చెయ్. గంటలు గంటలు నానడం ఏం ఆరోగ్యం?"

మబ్బు చిక్కిపోయింది. వారం తిరిగేసరికి చేతిరుమాలంత అయింది. థెల్మాతోపాటు లాండ్రీలో పనిచేసి, ఇప్పుడు మెయిన్‌రోడ్డు మీద జనం వచ్చి బట్టలు ఉతుక్కునే మిషన్ల షాపు సొంతంగా నడుపుతున్న ఆలివ్ ఓరోజు చూడ్డానికొచ్చింది. సబ్బుపెట్టె మీద వాలిపోయి ఉన్న మబ్బుని చూసి నొచ్చుకుంది.

"ఎంత పుష్టిగా ఉండేదే! బాయిలర్ మనిషిని పిలవక, కెటిల్‌తో వేణ్ణీళ్ళు పైకి మొయ్యడమేంటి?"

"ఇంట్లో మహానుభావుడు ఒకడున్నాడుగా, అన్నీ తెలిసినవాడు."

"వాడికి చెప్పి చేస్తావా ఏంటి? పిలువు."

రోలండ్ క్లబ్బులో స్నూకర్ ఆడుకునే రోజు చూసి థెల్మా ఫోను చేసింది. లాన్స్ అనేవాడు వచ్చాడు. నలభై దాటినవాడు, బూట్లు విప్పలేదు, వస్తూనే బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. తను చూడని బాయిలర్ ఈ జిల్లాలోనే లేదనీ, మిగతా మెకానిక్కులందరూ దొంగలనీ నమిలే నోటితోనే చెప్పాడు. ఇంకో రోలండ్ అనుకుంది థెల్మా.

లాన్స్ ముందు వంటింటి కుళాయి విప్పి బాయిలర్ మంట చూశాడు. మంట బాగానే లేచింది. బాయిలర్ కిందున్న వేణ్ణీళ్ళ గొట్టాన్ని ముట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"ఇక్కడ సలసలలాడుతున్నాయమ్మా. కుళాయి దగ్గరికొచ్చేసరికి చల్లారుతున్నాయి."

తర్వాత బాయిలర్‌లోకి చన్నీళ్ళు వెళ్ళే వాల్వు పూర్తిగా కట్టేశాడు. మళ్ళీ వేణ్ణీళ్ళ కుళాయి తిప్పాడు. "లోపలికి నీళ్ళే పోనివ్వలేదు. ఇక ఈ కుళాయిలో చుక్క రాకూడదు."

కుళాయి ధారగా కారుతూనే ఉంది. మంచులాంటి నీళ్ళు.

"చూశారా? ఇంట్లో ఎక్కడో చన్నీళ్ళ గొట్టం వచ్చి వేణ్ణీళ్ళ గొట్టంలో కలుస్తోంది. బాయిలర్‌కి ఏ రోగమూ లేదు."

"ఎక్కడ కలుస్తోంది?"

"అది నా పని కాదమ్మా. నేను బాయిలర్ మనిషిని. బాత్రూములకి వేరే మనిషి ఉంటాడు," అని వాల్వు మళ్ళీ తెరిచి, ఆఖరి బిస్కెట్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

థెల్మా పైకెళ్ళింది. స్నానం తొట్టి పక్కన గొట్టాల్ని కప్పే తెల్లపలక ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇల్లు కట్టినప్పటి పలక, మూలల్లో మరలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. వెన్న కత్తితో ఒక్కోటీ విప్పింది. లోపల మసిబారిన రెండు పాత గొట్టాలు, వాటి మధ్య వంతెనలా నిగనిగలాడే రాగిముక్క, దానికో చిన్న పిడి. అవసరానికి మూడింతలు టేపు చుట్టి ఉంది. పక్కన అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో 'ముట్టుకోరాదు' అని రాసి వేలాడదీసి ఉంది. సొంత ఇంట్లో దొంగపని చేసి దానికి కూడా బోర్డు పెట్టే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే.

రోలండ్ వచ్చేసరికి ఆమె అలాగే నేలమీద కూర్చుని ఉంది.

"ఎవరు విప్పమన్నారు దాన్ని?"

"బిగించింది నువ్వేనా?"

అతను తడబడను కూడా లేదు. "చెప్తే వింటావా నువ్వు? సముద్రం ఒడ్డున మెట్లు లేని ఇల్లు చూశాను. ఇది అమ్మితేనే అది కుదురుతుంది. చూడ్డానికొచ్చిన వాళ్ళు మబ్బుని చూసి గోడలకి చెమ్మ అంటారు. నువ్వేమో మబ్బుని వదిలి రానంటావు. అందుకని దాన్నే మెల్లగా పోనిద్దామనుకున్నా. నెప్పి లేకుండా."

"నెప్పి లేకుండా," అంది థెల్మా.

"ఒట్టి ఆవిరేగదే."

ఆమె పిడి తిప్పి కట్టేసింది. తొట్టిలో వేణ్ణీళ్ళు వదిలింది. చాలా రోజుల తర్వాత గదిలో ఆవిరి లేచింది. సబ్బుపెట్టె మీది మబ్బు కొంచెం కదిలింది, పసిపిల్ల పాలు తాగినట్టు తాగింది. రుమాలు దిండయింది, దిండు పరుపయింది. ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. తలుపులోంచి బయటికొచ్చి, మెట్లు దిగి, వీధి తలుపుకి ఆనుకుని నిలబడింది.

థెల్మా అప్పటిదాకా ఇల్లు వదలాలనుకోలేదు. ఓ పుల్లవిరుపు మాట విసిరి, బంగాళాదుంపలు చెక్కు తీసుకుందామనుకుంది. ఇన్నేళ్ళూ చేసింది అదే. ఇంతలో కొండ మీంచి గాలి తలుపుకున్న ఉత్తరాల కంత మూతని లేపి లోపలి గాలిని లాగింది. మబ్బు అంచు చిరిగి బయటికి పాకసాగింది.

"ఆగు, ఆగు," అంటూ ఆమె కోటు తొడుక్కుంది, గొడుగు అందుకుంది, తలుపు తీసింది.

"ఇంతకీ భోజనం సంగతేంటి?" అన్నాడు రోలండ్ మెట్ల మీంచి.

ఆమె వీధిలోకి నడిచింది.

గాలి చెదరగొట్టకుండా మబ్బుని గొడుగు కిందికి తీసుకుంది. బయటంతా పొడిగా ఉంది, గొడుగు కిందే వాన. ఎదురైన పోస్ట్‌మ్యాన్ టోపీ ఎత్తి పక్కకి జరిగాడు. థెల్మా స్టేషను వైపు తిరగబోయింది. మబ్బు తిరగలేదు, మెయిన్‌రోడ్డు వైపు లాగింది. ఆలివ్ షాపు గోడలోంచి బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ల ఆవిరి తెల్లగా వస్తోంది.

తర్వాత రోలండ్ ఇల్లు అమ్మేసి సముద్రం ఒడ్డుకి వెళ్ళాడు. అక్కడి పొగమంచు మీద కౌన్సిల్‌కి ఫిర్యాదులు రాస్తూ ఉంటాడట. అది తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం ఆలివ్ మబ్బునీ, తడిసి ముద్దయిన కోటునీ చూసి తలుపు బార్లా తీసింది.

"పైగది ఖాళీగానే ఉంది. దానిక్కూడా చాలుతుంది. వీధివైపు కిటికీ మాత్రం తియ్యకు, గాలి లాగేసుకుంటుంది," అని తువ్వాలు విసిరి, కప్పునిండా టీ పోసి చేతిలో పెట్టింది.

థెల్మా ఓ గుక్క తాగింది. "కుడితిలా ఉందే ఆలివ్."

"అయితే రేపట్నుంచి నువ్వే పెట్టు."

థెల్మా కప్పు ఖాళీ చేసి, టీపొడి డబ్బా ఎక్కడుందో అడిగింది.