రెండోసారి తిప్పి పెట్టు

నేను ఒక రసమట్టాన్ని. తాపీమేస్త్రి సంచిలో తాపీతో, గుండుతో, దారం ఉండతో కలిసి బతికే జానెడున్నర టేకు చెక్కను. నా నడుం మీద ఒక ఇత్తడి రేకు, దాని కింద వేలెడు గాజుగొట్టం, గొట్టంలో పచ్చటి ద్రవం, ఆ ద్రవంలో ఒక బుడగ ఉంటాయి. నా చదువంతా ఆ బుడగే. ఎత్తు ఎటుంటే అది అటు పోతుంది. రెండు గీతల మధ్య నిలబడితే కిందున్నది మట్టంగా ఉన్నట్టు లెక్క. మనుషులు కూడా ఎత్తు కనబడిన వైపే పరిగెడతారు. కాకపోతే వాళ్ళ మీద గీతలుండవు కనక ఎక్కడ ఆగాలో తెలియదు.

విజయనగరంలో ఒక వడ్రంగి నన్ను పాత తలుపుచెక్కలోంచి కోసి తయారు చేశాడు. బొబ్బిలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన పోలినాయుడు, కూలి నుంచి మేస్త్రి అయిన వారంలోనే నన్ను కొనుక్కున్నాడు. కొత్తలో నన్ను తువ్వాలులో చుట్టి మోసేవాడు. అంత మర్యాద మళ్ళీ నాకెక్కడా జరగలేదు.

ఆ మర్యాదకు నేను చేసిన ప్రత్యుపకారం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. పోలినాయుడు తన బావమరిది గుంపస్వామికి ఇల్లు కడుతున్నాడు. గుంపస్వామి ఒక బ్యాంకులో అటెండరు. వరండా గచ్చు వేసే ముందురోజు నేను పరంజా మీంచి జారి రాళ్ళమీద పడ్డాను. పైకి దెబ్బేమీ కనబడలేదు. లోపల గాజుగొట్టం మాత్రం ఒక పక్క వెంట్రుకవాసి దిగింది. ఆ సంగతి నాకూ తెలియదు. మర్నాడు పోలినాయుడు గచ్చు మీద నన్ను పెట్టి, గోడవైపు ఎత్తుగా ఉందా అని అడిగాడు. బుడగ గోడవైపు జరిగింది. ఉందన్నాను. అతను నమ్మాడు.

గృహప్రవేశం నాడే వాన పడింది. వరండా మీద పడ్డ నీళ్ళన్నీ వీధిలోకి పోకుండా, పిలిచిన చుట్టాల్లా నేరుగా వంటింట్లోకి నడిచాయి. బూరెల బుట్ట పీట మీదకి, పీట మంచం మీదకి ఎక్కాయి.

"బావా, నాను ఇల్లు కట్టమన్నాను గాని సెరువు తవ్వమన్లేదు," అన్నాడు గుంపస్వామి, పంచె మోకాళ్ళదాకా ఎగగట్టి.

పోలినాయుడు చీపురు తీసుకుని నీళ్ళు వీధిలోకి ఊడ్చాడు. వాన వెలిశాక నన్ను అదే గచ్చు మీద పెట్టి చూశాడు. తర్వాత అటు చివర ఇటు, ఇటు చివర అటు వచ్చేలా తిప్పి, అదే చోట మళ్ళీ పెట్టాడు. బుడగ ఈసారి వీధివైపు పోయింది. గచ్చు కదల్లేదు కదా, మరి ఎత్తెలా మారింది? అప్పుడు తెలిసిందతనికి. తిప్పినా బుడగ ఎప్పటి వైపే చూపిస్తే తప్పు నేలది. బుడగ నాతోపాటే తిరిగిపోతే తప్పు నాది. అతను ఇత్తడి రేకు ఊడదీసి, గాజుగొట్టం కింద అగ్గిపెట్టె అట్టముక్క ఒకటి దోపి నన్ను సరిచేశాడు. వరండా పగలగొట్టి మళ్ళీ వేశాడు. ఆ అట్టముక్క ఇప్పటికీ నా కడుపులోనే ఉంది.

ఆ తర్వాత ఏ గోడ దగ్గరా నన్ను తిప్పకుండా వదల్లేదు. కూలీలు నవ్వుకునేవాళ్ళు. "మేస్త్రీ, ఒకపాలి సూస్తే సాలదేటి?" అంటే, "ఒకపాలి సూసే బూరెలు తడిపినాను," అనేవాడు.

పోలినాయుడి కూతురు గౌరి లెక్కల్లో బీయెస్సీ పాసైంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. పట్టా ఫ్రేము కట్టించి గోడకు తగిలించేటప్పుడు, అది వంకరగా ఉండకూడదని పోలినాయుడు నన్ను దాని నెత్తిమీద పెట్టాడు. తిప్పి మళ్ళీ పెట్టాడు. నా ఉద్యోగంలో అంత గొప్ప గోడ మరొకటి లేదు.

పట్టా గోడ మీద నిటారుగానే ఉంది. గౌరికే దారి తెలియలేదు. మేనమామ గుంపస్వామి మాట మీద బ్యాంకు పరీక్షలు రాసింది. రెండుసార్లు కోచింగు తీసుకుంది, రెండుసార్లూ తప్పింది. ఒక ఆదివారం పొద్దున్న మేనమామ మళ్ళీ వచ్చాడు.

"ఇశాపట్నంలో కొత్త బ్యాచి పెడతన్నారు. సోమారం సేరిపోవాల. నీ పేరు సెప్పీసినాను."

గౌరి తల ఊపింది. ఆమె ట్రంకుపెట్టెలో, నింపి దాచిన దరఖాస్తు ఒకటుంది. భూముల సర్వే శిక్షణకు. దానికీ ఆఖరిరోజు ఆ సోమవారమే. ఆ సంగతి నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర దరఖాస్తు సంగతి తండ్రికి చెప్పేసింది. "నువ్వే చెప్పు నాన్నా. ఎటు వెళ్ళమంటే అటు వెళ్తాను."

"నాను సెప్తే నా మట్టమొస్తాది. నీ మట్టం నువ్వు సూసుకోవాల." పోలినాయుడు చెయ్యి కడుక్కొచ్చి, సంచిలోంచి నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఒకపాలి అడిగి ఊరుకోకమ్మా. తిప్పి అడుగు."

గౌరి అరుగు మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. గాలికి ఎగరకుండా నన్ను దానిమీద పెట్టింది. 'బ్యాంకు కోచింగుకు నేనెందుకు వెళ్ళాలి?' అని రాసి, కింద జవాబు రాసింది: 'మావయ్య మాటిచ్చాడు. వీధిలో అందరికీ చెప్పేశాడు.' తర్వాత తండ్రి పనిలో చూపించేంత శ్రద్ధగా నన్ను చివరలు మార్చి పెట్టి రెండో ప్రశ్న రాసింది. 'ఎందుకు వెళ్ళకూడదు?' జవాబు: 'మళ్ళీ తప్పితే మావయ్య మొహం చూడలేను. వీధిలో నవ్వుతారు.'

రెండు జవాబులూ పక్కపక్కన చదివి ఆమెకే నవ్వొచ్చింది.

"నాన్నా, ప్రశ్న తిప్పినా బుడగ నాతోపాటే తిరిగి మావయ్య దగ్గరికే పోతోంది."

"అయితే తప్పు కోచింగుది కాదు. అడిగే మనిసిది," అన్నాడు పోలినాయుడు, చుట్ట వెతుక్కుంటూ. "అట్టముక్క ఏటైనా దోపి సూడు."

గౌరి కొత్త పేజీ తిప్పింది. ఇలా రాసింది: 'మావయ్య గానీ, మా వీధి గానీ లేని ఊళ్ళో నేనుంటే, సోమవారం పొద్దున్న లేచి ఏం చేస్తాను?' ఈసారి జవాబు వెంటనే వచ్చింది. 'పొలాలు కొలుస్తాను.' అంతకు ముందు ఏడాది ఊరి భూములు కొలవడానికి సర్వేవాళ్ళు వచ్చినప్పుడు ఆమె మూడురోజులు వాళ్ళ వెనక గట్లు పట్టి తిరిగింది. ఒక మూల లెక్క తప్పిందని చెప్పింది కూడా. వాళ్ళు మళ్ళీ కొలిస్తే నిజంగానే తప్పింది. ఆ మూడురోజులూ అన్నం సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు, ఆమెకూ గుర్తు రాలేదు.

నన్ను మళ్ళీ తిప్పింది. 'ఎందుకు కొలవకూడదు?' జవాబు: 'ఎండ. ఆడపిల్ల కర్ర పట్టుకుని గట్ల మీద తిరిగితే నవ్వుతారు.' రెండో వాక్యం వీధిదని గుర్తొచ్చి దాన్ని కొట్టేసింది. ఇక ఎండ ఒక్కటే మిగిలింది. గోడకు తగిలించిన గొడుగు వైపు చూసింది.

ఆ సాయంత్రమే మేనమామ ఇంటికి వెళ్ళి, కోచింగుకు కాదు, సర్వే శిక్షణకు వెళ్తానని చెప్పింది. చేతిలో నేను ఉండిపోయాను కనక ఈ మాటలు నేను విన్నవే.

"ఫ్యాను కింద కూకోడానికి ఏటే నీకు నొప్పి?" అన్నాడు గుంపస్వామి.

"అలా కూర్చోవాలని నాకుందా, నీకుందా మావయ్యా?"

ఆ మాట ఎకసెక్కంగా అనలేదు, నిజంగానే అడిగింది. గుంపస్వామి వరండా గచ్చు మీద చతికిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ బ్యాంకులో నిలబడి ఫైళ్ళు మోస్తున్న మనిషి.

"నాకే ఉన్నాదే," అన్నాడు. తర్వాత, "దరకాస్తు ఎక్కడివ్వాల? బస్సు నాను సూస్తాను," అన్నాడు.

గౌరి ఇప్పుడు సర్వేయరు. ఆమె మోసే యంత్రంలోనూ గుండ్రటి బుడగ ఒకటుంది, దూరపు చుట్టం అనుకుంటాను. నేను ఆమె బల్ల మీద కాగితాలు ఎగరకుండా కూర్చుంటాను. పని తక్కువ, గౌరవం ఎక్కువ. నాకున్న లోటు ఒక్కటే. నన్ను నేను తిప్పుకోలేను, ఎవరో ఒకరు తిప్పాలి. మనుషులకు ఆ ఇబ్బంది లేకపోయినా చాలామంది ఒకసారి చూసి ఊరుకుంటారు.

కిందటి నెల గుంపస్వామి రిటైరయ్యాడు. కిరాణా కొట్టు పెట్టమని కొడుకులు, తీర్థయాత్రలకు పొమ్మని చుట్టాలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారట. ఒకరోజు అతను గౌరి ఆఫీసుకు వచ్చి, ఏమీ అడక్కుండా నా కింది కాగితాలు పక్కకు తీసి, నన్ను తన వైపు లాక్కుని బుడగను చూస్తూ కూర్చున్నాడు.

"ఏం తేలింది మావయ్యా?" అంది గౌరి.

"ఉండవే," అన్నాడు. "ఇంకా తిప్పనేదు."