ఇంటికి వెళ్లే ముక్క

జూనియర్ కాలేజీలో చరిత్ర గ్రూపు ఎత్తేసేనాటికి సూర్యకళకు ముప్ఫై మూడేళ్లు. ఎనిమిదేళ్లు పాఠం చెప్పిన మనిషిని ప్రిన్సిపాల్ ఫోన్లోనే ఇక రావద్దన్నాడు. మధురవాడలో గుణశేఖర్ అనే ఆయన ముక్కలతో ఆడే యుద్ధాల ఆట తయారు చేస్తున్నాడనీ, చరిత్ర తెలిసిన మనిషి కోసం చూస్తున్నాడనీ పాత విద్యార్థిని రోజారమణి చెబితే వెళ్లి కలిసింది. మర్నాడే పనిలో చేరింది.

అది ఇద్దరు ఆడే ఆట. పేకలాంటి ముక్కలే, కాని ఒక్కో ముక్క ఒక్కో దళం. దాని మీద బలం ఎంతో ఒక అంకె, ఏం చేయగలదో రెండు వాక్యాలు ఉంటాయి. ఒక్కో పెట్టెకు ఒక్కో పాత యుద్ధం. ఎవరి చేతికి ఏ ముక్కలు రావాలి, ఏ వరసలో రావాలి, చివరికి ఎవరు గెలిచినట్టు, ఇదంతా కూర్చడమే సూర్యకళ పని. మొదటి పెట్టెకు ఏ యుద్ధం తీసుకుందామని గుణశేఖర్ అడిగితే ఆమె తడుముకోకుండా పద్మనాభం అంది. 1794లో విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి, తనవాళ్లు ఎందరితోనో కలిసి చనిపోయిన చోటు. తగరపువలస దాటితే వచ్చేస్తుంది. అయినా ఆఫీసులో సగం మంది ఆ పేరు వినలేదు.

స్కూటర్ వెనక తండ్రి అర్జునరావును కూర్చోబెట్టుకుని మూడుసార్లు వెళ్లి వచ్చింది. కొండ కింద పొలాల్లో నడిచి, పొద్దున ఎండ ఎవరి కళ్లలో పడుతుందో, ఫిరంగి ఎక్కడ నిలబెడితే ఎంత దూరం కనిపిస్తుందో నోటుపుస్తకంలో రాసుకుంది. అర్జునరావు గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఆయన ఒకప్పుడు జనపనార మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడ్డాక అపార్టుమెంటుల్లో వాచ్‌మన్‌గా చేసి, భార్య పోయాక అదీ మానేశాడు. కంచరపాలెంలో రెండు గదుల ఇంట్లో తండ్రీ కూతుళ్లే ఉంటారు.

ముక్కలన్నీ తయారయ్యాక ఆఫీసులో నలభై ఆటలు ఆడి చూశారు. ముప్ఫై ఎనిమిదింటిలో రాజు ఓడిపోయాడు.

"ఓడిపోతానని ముందే తెలిసిన ఆట ఎవడాడతాడు మేడమ్? బ్యాలెన్స్ చెయ్యండి," అన్నాడు గుణశేఖర్.

"అక్కడ బ్యాలెన్స్ ఎక్కడుంది సార్? గంటలోపే అంతా అయిపోయింది."

"అది చరిత్ర. ఇది ప్రోడక్టు."

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రితో ఆడింది. ఆయనది రాజు పక్షం. నాలుగు దళాలు పోయాక ఒక ముక్క పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"పెట్టు నాన్నా."

"ఈడు ఇంటికెల్లిపోతానంటే?"

"అలాంటి రూల్ లేదు."

"రూలు లేకపోతే మటుకు, అంతమందిలో ఒక్కడికైనా అనిపించదేటి?"

సూర్యకళ నవ్వింది. ఆయన నవ్వలేదు. ముక్క కింద పెట్టి, "సమ్మెప్పుడు గేటుకాడ పోలీసులు కొట్టినారు సూడు, ఆ పొద్దున నాను లేను," అన్నాడు.

అది వీధి మొత్తానికి తెలుసు. నాలుగేళ్ల సూర్యకళకు జ్వరం వచ్చిందని అర్జునరావు ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత గంటకే లాఠీలు లేచాయి. ఆయన ప్రాణస్నేహితుడు అప్పలరాజుకు ఎడమ కన్ను పోయింది. అప్పలరాజు మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. 'ఇంటికెల్లినోడు' అని పాత మిల్లువాళ్లు కొందరు ఇప్పటికీ అంటారు. తన జ్వరం వల్లే ఇదంతా జరిగిందని సూర్యకళ చిన్నప్పటి నుంచీ అనుకుంటూనే పెరిగింది. అప్పలరాజు ఎదురైతే సందు మారి వెళ్లేది.

"నీకు జొరం లేదమ్మా," అన్నాడు అర్జునరావు. "లారీలోంచి పోలీసులు దిగతంటే సూసినాను. బయమేసింది. ఎనక సందులోంచి ఒచ్చీసినాను. మీ అమ్మకీ అబద్దమే సెప్పినాను."

రెండు రోజులు ఆమె తండ్రితో మాట్లాడలేదు. అన్నం పెట్టి అవతలికి పోయేది. ఇన్నేళ్లు తను మోసిన దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. మూడో రోజు పొద్దున ఆఫీసుకు వెళ్లి కొత్త రూల్ రాసింది. రాజు పక్షం ఆడేవాడు ప్రతి వంతుకూ ఒక ముక్కను యుద్ధానికి పంపవచ్చు, లేదా ఇంటికి పంపవచ్చు. ఎందుకు పంపుతున్నాడో చెప్పనక్కర్లేదు. ఆట చివర రాజు ఎలాగూ చనిపోతాడు. కాని పన్నెండు ముక్కలు ఇల్లు చేరితే ఆడినవాడు గెలిచినట్టే. మరీ ఎక్కువమందిని ముందే పంపేస్తే వరస తెగి, ఆ తర్వాత ఇంటికి బయల్దేరినవాళ్లు దారిలోనే కంపెనీకి దొరికిపోతారు. ప్రతి ముక్క మీదా వాళ్లు తిరిగి వెళ్లే ఊరి పేరు వేసింది.

ఈసారి ఆడినవాళ్లు కేకలు వేయలేదు. రోజారమణి ఒక ముక్కను రెండుసార్లు ఇంటివైపు పెట్టి, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. గుణశేఖర్ కూడా ఆడాడు. "ఎవర్ని ఆపాలో ఎవర్ని పంపాలో తేల్చుకోలేక చచ్చాను మేడమ్. ఇదే ప్రింటుకు ఇచ్చేద్దాం," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అర్జునరావు ముక్కల మీది ఊర్ల పేర్లు ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "ఆట పెట్టి ఒచ్చినాక ఒకటి అట్టుకెల్లి అప్పలరాజుతో ఆడతాను. అప్పుడు సెప్తాను ఆడికి, జొరం లేదని," అన్నాడు. అప్పలరాజు తగరపువలసలో కూతురి దగ్గర ఉంటున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాల్లో ఆట విడుదల పెట్టారు. పెట్టెలు ప్రెస్ నుంచి నేరుగా అక్కడికే వచ్చాయి. అర్జునరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మొదటి ఆట మేడమ్ గారి నాన్నగారిదేనని గుణశేఖర్ ఆయన్ని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఎదురుగా దేవి అనే విద్యార్థిని. చుట్టూ జనం, ఫోన్లు.

రెండో వంతుకే అర్జునరావు ఒక ముక్క తీసి పక్కన పెట్టాడు. "ఈడు ఇంటికి."

"తాతగారూ, అలా పెడితే మీకు రెండు పాయింట్లు పోతాయి," అంది దేవి. ఆయనకు అర్థం కాలేదేమోనని ముక్కను తిప్పి వెనక వైపు చూపించింది. తలపాగా దుమ్ములో పడిపోయి, వెనక్కి చూస్తూ పరిగెడుతున్న మనిషి బొమ్మ. కింద 'పిరికివాడు' అని ఉంది.

సూర్యకళ రూల్సు పుస్తకం లాక్కుని చూసింది. ఊర్ల పేర్లు లేవు. పన్నెండు ముక్కల లెక్క లేదు. ఆమె ఎన్నడూ రాయని కొత్త ముక్క ఒకటి ఉంది, 'కొండదేవర తుఫాను'. అది పడితే కంపెనీ ఫిరంగులు మూగబోతాయి, రాజు గెలుస్తాడు. మొదటి పేజీలో రూపకల్పన అని ఆమె పేరు పెద్దక్షరాల్లో ఉంది.

"ఆట మారిపోనాదేటమ్మా?" అని అర్జునరావు మెల్లగా అడిగాడు.

ఆమె పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిప్పసాగింది. ఆయన చుట్టూ ఉన్న ఫోన్లను ఒకసారి చూశాడు. పక్కన పెట్టిన ముక్కను మళ్లీ చేతిలోకి తీసుకుని యుద్ధంలో పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాణ్ణి వచ్చినట్టే ముందుకు తోసేశాడు. ఎనిమిదో వంతులో తుఫాను ముక్క ఆయన చేతికే వచ్చింది. హాలంతా చప్పట్లు. గుణశేఖర్ ఆయనకు శాలువా కప్పి, పద్మనాభం విజేత అని మైకులో చెప్పి ఫోటో తీయించాడు. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డాడు అర్జునరావు.

మెట్ల దగ్గర సూర్యకళ గుణశేఖర్‌ను ఆపింది.

"పెట్టుబడి పెట్టినవాళ్లు ఒప్పుకోలేదు మేడమ్. మనవాళ్లు పారిపోయారని చూపిస్తారా అని గొడవ చేశారు."

"పారిపోలేదు సార్. వెళ్లారు."

"ఆ తేడా మీకు తెలుసు, నాకు తెలుసు. కొనేవాడికి అక్కర్లేదు. నాన్నగారు గెలిచారు కదా, హ్యాపీగా ఉండండి."

"నా పేరు తీసెయ్యండి."

"రెండో ప్రింటులో చూద్దాం."

స్కూటర్ మీద వస్తుంటే పెట్టె ఇద్దరి మధ్యా ఒరుసుకుంటోంది. "నాకు చెప్పకుండా మార్చేశారు నాన్నా," అంది గాలిలో గట్టిగా.

"ఆళ్లు రాసిందాన్లో తప్పేటుంది? పిరికోడే గదా."

ఆమె బండి పక్కకు తీసి ఆపేసింది. "నువ్వలా అనకు."

"నానన్లేదమ్మా. అచ్చేసినారు," అన్నాడు అర్జునరావు.

ఆమె ఆ వారమే ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ద్వారకానగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో చరిత్ర చెబుతోంది. అక్కడ పద్మనాభం ఒక మార్కు ప్రశ్న. ఆటకు రెండో ప్రింటు వచ్చింది. ఆమె పేరు తీసేశారు, మిగతాదంతా అలాగే ఉంచారు. బాగా అమ్ముడుపోతోందని రోజారమణి చెప్పింది.

తగరపువలస వెళ్దామా అని తండ్రిని రెండు ఆదివారాలు అడిగింది. మొదటిసారి మోకాళ్లు నొప్పులన్నాడు. రెండోసారి, "ఎల్లి ఏటని సెప్పాలి? పెట్టి తెరిస్తే అందులోనే ఉంది గదా," అన్నాడు. పెట్టె లేకుండా వెళ్దామంది. ఆయన లేచి పెరట్లోకి పోయాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు.

కార్తీకంలో మిల్లు కాలంనాటి గవర్రాజు ఫోన్ చేసి, అప్పలరాజు పోయాడని చెప్పాడు. అర్జునరావు గబగబా గెడ్డం గీసుకుని, చెప్పకుండానే స్కూటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాళ్లు వెళ్లేసరికి పాడె కట్టేస్తున్నారు. ఆయన జనం వెనకే ఉండిపోయాడు. శవాన్ని లేపుతుంటే అప్పలరాజు కూతురు ఆయన్ని చూసింది. చిన్నప్పుడు చూసిన మనిషి, ఆనవాలు పట్టలేకపోయింది.

"మీరెవరండీ?"

"మిల్లులో పనిచేసినోణ్ణమ్మా," అన్నాడు అర్జునరావు.

ఆమె తలూపి పాడె వెనక నడిచింది. ఆయన మాత్రం వాళ్లతో శ్మశానం దాకా వెళ్లలేదు. వీధి చివర వరకు నడిచి, అక్కడ ఆగిపోయాడు.