పెద్దేటి చెకుముకి రాయి

పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో లక్ష్మీనరసింహం విశాఖలో కాలేజీ పిల్లలకు రాళ్ళ గురించి పాఠాలు చెప్పేవాడు. అలాంటివాడు, తండ్రి అనంతరామయ్య కర్మకు మాత్రం వడ్డాది దగ్గర పెద్దేట్లో చేతికి తగిలిన రాయిని చూడకుండానే తీశాడు. పోయినవారిని రాతిలోకి పిలిచి, పదోనాటి దాకా నువ్వుల నీళ్ళు పోసి, ఆఖరున ఏట్లో వదిలెయ్యాలి. ఏ రాయైతేనేం అనుకున్నాడు, పెద్ద చదువు చదివినవాడు కదా.

పదోనాడు పిండం పెట్టారు. కాకి వాలలేదు. చెట్టు మీద కాకులున్నాయి. అరవడం కూడా మానేసి కిందికే చూస్తున్నాయి.

"నాన్నగారికి తీరని కోరికేటైనా ఉందేటో బాబూ. తీరుస్తానని సెప్పండి," అన్నారు పురోహితుడు రామ్మూర్తిగారు.

తండ్రి ఆకలితో వెళ్ళిపోతాడేమోనని లక్ష్మీనరసింహం భయపడ్డాడు. రాయిని చేతిలోకి తీసుకుని మొదటిసారి పరీక్షగా చూశాడు. బూడిదరంగు, మైనం పూసినట్టు నునుపు. అంచున పెచ్చులు లేచిన చోట ఆల్చిప్ప లోపలిలాంటి వంపులు. చాకుతో గీస్తే గీటు పడలేదు, చాకే అరిగి నల్లటి చార మిగిలింది. చెకుముకి రాయి. ఒకప్పటి సముద్రం అడుగున, సున్నపురాళ్ళ మధ్య పుట్టేది. ఈ కొండల్లో దొరకదు. ఎవరో తెచ్చి ఉండాలి.

ఆడవాళ్ళు ఏటికి వచ్చింది ఆ రోజే. అక్క లక్ష్మీసుందరికి చూపించాడు. ఆవిడ అంచు తడిమి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది అమ్మదిరా. మాచర్లనుంచి కాపరానికి తెచ్చుకుంది. దీంతోనే పొయ్యి రాజేసీది. అమ్మ పోతే నాన్న దీన్నే కర్మకి పెట్టేరు. నువ్వప్పటికి సంటి గుంటడివి. ఆవేళా కాకి రాలేదు. నాన్న విసిగిపోయి, రాయి ఇక్కడే విసిరేసి వచ్చేసేరు."

లక్ష్మీనరసింహం రాయిని మెల్లగా కింద పెట్టాడు. ఇన్నాళ్ళూ నాన్నను పిలుస్తూ నీళ్ళు పోసింది అమ్మ మీదన్నమాట. భయమేసింది, ఏడుపూ వచ్చింది. ఇంకో ముద్ద చేసి, తల్లి సీతామహాలక్ష్మి పేరు చెప్పి, తండ్రి పిండం పక్కన పెట్టాడు. రామ్మూర్తిగారే నువ్వులు అందించారు.

ఒక కాకి దిగింది. నాన్న ముద్దను దాటి వెళ్ళి అమ్మ ముద్ద మొత్తం తింది. ఆ తర్వాతే ఇంకొకటి దిగి నాన్న పిండం ముట్టింది.

ఏటికి వీపు పెట్టి రాయిని వెనక్కి విసిరాడు. నీళ్ళ చప్పుడు రాలేదు. ఎవరో చెకుముకి కొట్టి పొయ్యి రాజేస్తున్నట్టు టక్, టక్ మని వినిపించింది. అక్క అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. రాయి వదిలాక వెనక్కి చూడకూడదు. చూడాలని ఇద్దరికీ ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు.