ఆకులు కడిగే కొలువు

దుబాయ్‌లో తను చేసే పని ఏమిటో ఇంట్లో చెప్పడానికి పోశయ్యకి నోరు రాలేదు. క్యాసెట్టులో మాటలు నింపి, ఊరికి పోయేవాళ్ల చేత పంపినప్పుడల్లా గొంతు సవరించుకుని "బలదియాల కొలువు, బాలవ్వా. అంటే మన మున్సిపాల్టి లెక్క. సర్కారు నౌకరి" అని చెప్పేవాడు. అంతవరకూ అబద్ధం లేదు. ఆ సర్కారు నౌకరిలో తను పొద్దున లేచి చెట్ల ఆకులు కడుగుతానని మాత్రం చెప్పలేదు. చెబితే బాలవ్వ ఊరుకునే మనిషా? "ఆకులు కడుగుడేందయ్యా, అవిటికేమన్న పెండ్లి చేస్తున్నరా?" అని నవ్వి వాడకట్టంతా చాటింపు వేస్తుంది. పెళ్లాం నవ్వితే పడొచ్చు. వాడకట్టంతా నవ్వితే సెలవు మీద ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోతాడు?

ఊళ్లోవాళ్లకి గల్ఫంతా దుబాయే గానీ, అతనుండేది ఉమ్ అల్ క్వైన్ అవతల, సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్నంలో. చేపల పడవలు, ఒక బజారు, కొత్తగా లేస్తున్న మేడలు. పట్నాన్ని ఆనుకునే ఒక సిమెంటు ఫ్యాక్టరీ. అప్పటికింకా ఎనభై ఒకటో సంవత్సరం. ఎక్కడ చూసినా పునాదులు తవ్వుతున్న రోజులు కాబట్టి ఎంత సిమెంటు చేసినా చాలేది కాదు. చిమ్నీ రేయింబవళ్లు దుమ్ము కక్కేది. ఆ దుమ్ము కాల్చిన రొట్టెల మీద పడేది, ఆరేసిన బట్టల మీద పడేది, పడుకున్నవాడి కనురెప్పల మీద కూడా పడేది.

జనం మొత్తుకున్నారు. సర్కారన్నది ఎక్కడైనా సర్కారే, జనం దగ్గితే ముందు జనానిదే తప్పంటుంది. మొదట "ఇది ఎడారి దుమ్ము, అల్లా ఇచ్చింది" అన్నారు. ఎడారిలో పుట్టి పెరిగినవాళ్లకి ఎడారి దుమ్ము గురించి పాఠం చెప్పడమన్న మాట! తర్వాత కమిటీ అన్నారు. కమిటీ వచ్చి, ఫ్యాక్టరీలో భోజనం చేసి, చేతులు కడుక్కుని వెళ్లింది. ఆఖరికి చెట్లన్నారు. ఫ్యాక్టరీకీ పట్నానికీ మధ్య రోడ్డు వెంబడి వేపచెట్లు వేస్తే, దుమ్మునంతా అవే పట్టేస్తాయట.

చెట్లు పాపం చెప్పిన పని చేశాయి. దుమ్ము పట్టాయి. రాత్రి మంచుకు ఆ దుమ్ము ఆకుల మీదే గట్టిపడి, రోడ్డు పొడవునా బూడిద పూసుకున్న బైరాగుల్లా నిలబడ్డాయి. పెద్దవాళ్లు కార్లలో పోతూ చూస్తే బాగుండదని, బలదియా ఆఫీసులో అందరికీ పైనున్న ముదీరు ఆకులు కడగడానికి ఒక మనిషిని పెట్టాడు. ఆ మనిషే పోశయ్య.

రోడ్డు పక్కన ఒక నీళ్ల ట్యాంకు, దానికో పంపు, పొడుగాటి పైపు, గోనెసంచి ముక్క. ఇవీ అతని సరంజామా. కొమ్మ కొమ్మకీ నీళ్లు కొట్టి, గోనెతో రుద్ది, మళ్లీ నీళ్లు కొట్టేవాడు. పట్నంలో ఇళ్లకి కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. చెట్ల స్నానానికి మాత్రం ఏనాడూ కొరత రాలేదు. అయినా పోశయ్యకి ఈ పని మీద కోపం లేదు. అంతకుముందు ఎండలో ఇనుము మోసి మోసి నడుము పడిపోయిన మనిషి. నీళ్లూ, వేపనీడా దొరికిన ఈ కొలువు పోశమ్మ తల్లే ఇప్పించిందని నమ్మాడు. నమ్మకంగా చేశాడు. ఆ నమ్మకమే తర్వాత గొంతుకి అడ్డం పడింది.

చెట్లకి ఎదురుగా షహర్బాను ఇల్లు. ముసలావిడ. వాళ్ల పెద్దలు సముద్రానికి అవతలనుంచి, ఈరాన్ ఒడ్డునుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆ పట్నంలో సగం మందికి ఆవిడే మంత్రసాని కాబట్టి చిన్నా పెద్దా అందరూ ఆవిడని ఉమ్మీ అనేవాళ్లు, అంటే అమ్మ. ఆ ఇంట్లో వంటకీ, ఆవిడ సేవకీ ఉన్నది రాజోలు వైపునుంచి వచ్చిన అచ్చాయమ్మ. తెలుగు మాట వినబడిన రోజునుంచి పోశయ్య ఆమెకి అన్నయ్య, ఆమె ఇతనికి చెల్లె. పొద్దుటి పూట గేటు దగ్గర ఒక గ్లాసు టీ అతనికి ఖాయం.

షహర్బానుకి ఆయాసం పట్టుకుంది. దుమ్మైనా ఆగాలి, మీరైనా ఇల్లు విడవాలి అని డాక్టరు తేల్చేశాడు. "మావారు కట్టిన ఇల్లు. నేను కదలను, పోతే దుమ్మే పోవాలి" అని ఆవిడా తేల్చేసింది. చేతికర్ర పట్టుకుని, అచ్చాయమ్మ భుజం ఆసరాగా బలదియా ఆఫీసు మెట్లు ఎక్కని నెల లేదు.

"మర్యాదకేం లోటు లేదన్నయ్యా," అనేది అచ్చాయమ్మ. "ఆవిడని చూడగానే లేచి నిలబడతారు. కాఫీ ఇస్తారు, ఖర్జూరాలిస్తారు, ఇన్షా అల్లా అంటారు. ఇంటికొచ్చి చూస్తే పక్క మీద దుమ్ము పక్క మీదే ఉంటది. మూడు పూటలా తుడిచి తుడిచి నా చేతులు పడిపోతన్నాయి."

"వాళ్ల దేశపోళ్ల మాటనే ఇననోళ్లు, మన మాటింటరా చెల్లె," అనేవాడు పోశయ్య.

ఆ చలికాలం ఇంకో కమిటీ వచ్చింది. ముదీరు ముందురోజే చెప్పడంతో పోశయ్య ఒళ్లు దాచుకోకుండా చెట్లన్నీ కడిగాడు. ఆకులు లేత పచ్చగా నీళ్లోడుతున్నాయి. కమిటీ పెద్ద కారు దిగి ఒక కొమ్మ వంచి చూపించి, "దుమ్ము దుమ్ము అంటారు, ఎక్కడుంది దుమ్ము? చెట్లే చెబుతున్నాయి కదా!" అన్నాడు. ముదీరు నవ్వాడు. షహర్బాను గేటు దగ్గర నిలబడి ఉంది. పైపు పట్టుకుని నిలబడ్డ పోశయ్యకేసి ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది. ఆ చూపు అతనికి ఎన్నాళ్లో అన్నం సయించనివ్వలేదు.

ఏడాది తిరిగేసరికి జనానికి ఓపిక చచ్చింది. పడవలవాళ్లు పది మంది కలిసి ముదీరు కారుకి అడ్డం నిలబడ్డారు. బజారులో టీ కొట్టు పెట్టుకున్న కడప మనిషి జానీ బాషా దగ్గర రోజూ ఇదే మాట. ఈ గొడవ పైదాకా పోయి, ఈసారి నిజంగానే పెద్ద కమిటీ వస్తోందన్నారు. చిమ్నీకి దుమ్ముని పట్టే యంత్రం బిగించేదాకా ఫ్యాక్టరీని ఆపించే అధికారం వాళ్లకుందట.

ఆ కబురు తెలిసిన మర్నాడు అచ్చాయమ్మ టీ గ్లాసు ఇచ్చి వెళ్లకుండా నిలబడింది.

"అన్నయ్యా, ఒక మాట. కోప్పడకు. ఉమ్మీ అడగమంది. ఆ పెద్దోళ్లు వచ్చిందాకా నువ్వు ఆకులు కడగొద్దంట."

పోశయ్య గ్లాసు కింద పెట్టాడు. "నా కొలువే అది గద చెల్లె. కడగకపోతే నువ్వెందుకున్నవ్ రా అంటరు. ఖలాస్. టికెట్ చేతుల వెట్టి తోల్తరు."

"నాకు తెలవదా? నేనూ ఒకరింట్లో చేసుకుని తినేదాన్నే. అడగమంది, అడిగాను. అంతే." వెళ్లబోయి మళ్లీ ఆగింది. "పడుకుంటే ఊపిరి అందట్లేదన్నయ్యా ఆవిడకి. కూర్చునే నిద్రపోతంది."

పోశయ్య పైపు అందుకున్నాడు. పంపు వేశాడు. మొదటి చెట్టు సగం కడిగాడో లేదో, గోడ అవతల దగ్గు మొదలైంది. అది ఆగుతుందేమోనని చూశాడు. ఆగలేదు. ఈ పట్నం గోడుకి ఉన్న సాక్ష్యం ఈ ఆకుల మీది తెల్లదుమ్మొక్కటే, దాన్ని రోజూ పొద్దున్నే కడిగేస్తున్నవాడు తనే. ఆ సంగతి తలకెక్కేసరికి అతని చేతిలో పైపు బరువైపోయింది. పంపు ఆపి, దాని బెల్టు ఊడదీసి, సద్దిగిన్నె అడుగున దాచేశాడు.

ఆఫీసుకి పోయి "పంపు ఖరాబ్" అన్నాడు. లోపలివాడు తల ఎత్తకుండానే "బుక్రా" అన్నాడు. బుక్రా అంటే రేపు. ఆ ఆఫీసులో రేపు అన్నది ఎన్నడూ వచ్చిన పాపాన పోలేదు. జనాన్ని ఇన్నేళ్లు ఏడిపించిన ఆ రేపే ఇప్పుడు జనానికి అక్కరకొచ్చింది. పోశయ్య రోజూ వెళ్లి అడిగేవాడు, వాళ్లు రోజూ బుక్రా అనేవాళ్లు. చెట్లు మళ్లీ బైరాగులయ్యాయి.

"ఏం పోశన్నా, నీ చెట్లన్నీ ముసలివైపోయినాయే!" అని కన్నుగీటాడు జానీ బాషా. ఊరంతటికీ తెలిసిపోయిందన్న మాట. ఎవరూ పైకి అనలేదు. పడవలవాళ్లు మాత్రం అతనికి ఒక పెద్ద చేప ఇచ్చి వెళ్లారు.

కమిటీ వచ్చిన రోజు రోడ్డుకి అటూ ఇటూ జనం. అచ్చాయమ్మ కుర్చీ తెచ్చి గేటు బయట వేసి ఉమ్మీని కూర్చోబెట్టింది. కార్లు ఆగాయి. ముదీరు చెట్లని చూసి పోశయ్యని చూశాడు. ఆ చూపులోనే పోశయ్యకి టికెట్టు కనబడింది. కమిటీ పెద్ద నెమ్మదిగా నడిచొచ్చి ఒక రెమ్మ తెంపి వేళ్లతో నలిపాడు. వేళ్లు తెల్లబడ్డాయి. అందరికీ చూపించాడు. జనంలోంచి ఒక పెద్ద నిట్టూర్పు. పోశయ్య కళ్లు షహర్బాను మీద పడ్డాయి. ఆవిడ కుర్చీలో ముందుకి జరిగి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి వింటోంది.

కమిటీ పెద్ద చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకుని అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. వింటున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే వాడిపోయాయి.

"ఏమంటున్నడు బాషా భాయ్?" అని పక్కనున్న జానీ బాషాని అడిగాడు పోశయ్య.

"ఈ చెట్లు మంచివి కావంటన్నాడు."

"ఏంది?"

"ఈ జాతి చెట్టు ఇక్కడ పనికిరాదంట. దుమ్ముకి తట్టుకోలేదంట. అన్నీ కొట్టేసి పెద్ద గోడ కట్టమన్నాడు." జానీ బాషా గొంతు దిగిపోయింది. "పచ్చరంగు ఏస్తారంట, పోశన్నా. చూసేదానికి బాగుంటుందని."

ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టడం విన్నాం. ఇక్కడ ఎలకని వదిలేసి ఇల్లు తగలబెట్టారు. పడవలవాడొకడు కాండ్రించి ఉమ్మేసి వెళ్లిపోయాడు. అరవడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు. ముదీరు మొహం మాత్రం వికసించింది. గోడంటే కొత్త పని, కొత్త మంజూరు. వచ్చి పోశయ్య భుజం తట్టి "ఫికర్ నహీ పోశా, గోడ వస్తది, నీకూ పని ఉంటది" అని హిందీలో ధైర్యం చెప్పి వెళ్లాడు. కొలువు నిలబడింది. అంత సిగ్గు పోశయ్యకి ఆకులు కడిగినన్నాళ్లూ ఎప్పుడూ కలగలేదు.

షహర్బాను చేత్తో పిలిచింది. తలవంచుకుని వెళ్లాడు. "తుమ్ కియా, పోశా," అంది ఆవిడ, ఆగి ఊపిరి తీసుకుంటూ. "నువ్వు చేశావు. బస్." అచ్చాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోశయ్యకి ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాడు.

చెట్లు కొట్టేసిన రోజున ముదీరు గొడ్డలి పట్టమంటే పోశయ్య పట్టలేదు. పోశమ్మ పేరు పెట్టుకున్నవాడు ఆ తల్లి ఉండే వేపచెట్టు మీద గొడ్డలేస్తాడా? నడుం నొప్పని చెప్పి కూలీల బ్యారక్‌లో పడుకున్నాడు. వేరేవాళ్లు కొట్టారు. గోడ లేచింది. పైన పటారం, లోన లొటారం అన్నట్టు కళ్లు చెదిరే పచ్చరంగు పులిమారు. చిమ్నీ గోడకి నాలుగింతల ఎత్తుంటే గోడ దుమ్ముని ఏం ఆపుతుంది? దుమ్ము దాని మీదుగా హాయిగా పట్నంలోకి వచ్చేది. మిగిలింది గోడ మీద పడేది. పోశయ్య గోడ కడిగేవాడు. ఆకులకంటే గోడ సులువే.

రంజాను ముందర షహర్బాను తమ్ముడి కొడుకు దుబాయ్‌నుంచి కారు తెచ్చాడు. ఇక ఆస్పత్రికి దగ్గరలో, అతని ఇంట్లోనే ఉంటుందట. ఇల్లు కదలనన్న మనిషి కాదనలేదు. కాదనడానికి ఊపిరి చాలాలి కదా. అచ్చాయమ్మ మూటలు సర్దుకుని వెనక సీట్లో కూర్చుంది. "పోయొస్తా అన్నయ్యా" అంది గానీ వచ్చేది లేదని ఇద్దరికీ తెలుసు.

కారు గోడ దగ్గరికి రాగానే ఉమ్మీ ఆపించింది. అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుని దిగింది. పోశయ్య ఆ వైపింకా కడగలేదు, గోడంతా తెల్లగా ఉంది. ఆవిడ చూపుడువేలు గోడకి ఆనించి, కర్ర మీద ఒరుగుతూ కొన్ని అడుగులు నడిచింది. వేలు వెంట సన్నటి పచ్చగీత పడింది. దగ్గు రాగానే ఆగి, తెల్లబడ్డ వేలు పోశయ్యకి చూపించింది. మళ్లీ కారెక్కి, "యల్లా, పోదాం" అంది.

కారు కనుమరుగయ్యేదాకా నిలబడి పోశయ్య పంపు వేశాడు. గోడ ఈ చివరనుంచి ఆ చివరిదాకా కడిగాడు. ఆవిడ గీత గీసిన చోటు వచ్చేసరికి పైపు పక్కకి తిప్పాడు. ఆ ఒక్క ముక్కా వదిలేసి, ట్యాంకు నీడలో కూర్చుని దాన్నే చూస్తూ సద్ది తిన్నాడు.

పొద్దు గుంకే వేళకి ఆ గీత మీద కూడా దుమ్ము పడింది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఆనవాలు దొరకలేదు. మర్నాడు పొద్దున పోశయ్య ఆ ముక్క కూడా కడిగేశాడు.