అరువు హెల్మెట్

ఇంట్లో ఆమెను అందరూ మిరియం అనేవారు. మనిషి పొట్టి, మాట ఘాటు. చిన్నప్పుడు మేనత్త ఎవరో సరదాకి అన్న మాట అలాగే అంటుకుపోయింది. ఆమె నడిపే మోటార్ సైకిల్ బాబాయి వాడి వదిలేసినది, ఏనుగులా ఉంటుంది. దాని మీద కూర్చుంటే రెండు కాళ్ళూ ఒకేసారి నేలకు ఆనవు. సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తే బండినంతా ఒక పక్కకు ఒరగదీసి, ఎడమ కాలి మునివేళ్ళ మీద నిలబెట్టేది. చూసేవాళ్ళకు గుండె జారేది గానీ, ఆమెకు అదో లెక్క కాదు.

పనిలో వంక పెట్టడానికి లేదు. పెదనాన్న రిపేరు కొట్లో ఆరేళ్ళపాటు మిక్సీలు, టీవీలు, తూకం మిషన్లు విప్పి బిగించింది. చూపు తగ్గి పెదనాన్న కొట్టు మూసేశాక ఉద్యోగాల వేటలో పడింది. ఇంటర్వ్యూలకు బండి మీదే వెళ్ళేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి ఇంటర్వ్యూకు వెళుతుంటే దారిలో చైను ఊడింది. ఎక్కించుకుని, అదే చేత్తో చెంప మీద దోమను కొట్టింది. అడిగిన ప్రతిదానికీ సరైన జవాబే చెప్పింది గానీ, ఎదురుగా ఉన్న ముగ్గురూ చివరిదాకా ఆమె చెంప మీది గ్రీజు మరకతోనే మాట్లాడారు. రెండోదానికి వానలో తడిసి వెళ్ళింది. ఆమె లేచాక కుర్చీ కింద చిన్న మడుగు మిగిలింది. మూడోదానికి ఆలస్యమైపోతోందన్న కంగారులో హెల్మెట్ తీయకుండానే గదిలోకి వెళ్ళి, నమస్కారం పెట్టి నిలబడింది. "కొరియర్ అయితే కింద ఇవ్వమ్మా," అన్నారు వాళ్ళు.

దాంతో నాలుగోసారికి వదిన రంగంలోకి దిగింది. వదిన ఆస్పత్రిలో నర్సు. రోగిని ఆపరేషనుకు సిద్ధం చేసినంత శ్రద్ధగా ఆడపడుచును ఇంటర్వ్యూకు సిద్ధం చేసింది.

"పని రావడం ఒకటి, వచ్చినట్టు కనబడడం ఇంకోటి. నీకు రెండోదే రావట్లేదు," అంటూ హెల్మెట్ కింద నలగకుండా జడను మెడ దగ్గరకు దించి అల్లింది. ఉతికిన బట్టల మీద దుమ్ము పడకుండా ఆస్పత్రి గౌను ఒకటి తొడిగి వెనక ముడి వేసింది. బూట్లు సంచిలో పెట్టి, కాళ్ళకు పాత చెప్పులు వేయించింది. తడి గుడ్డ, చిన్న అద్దం చేతికిచ్చింది. "గేటు దగ్గర ఆగి చూసుకో. ముందు మొహం, తర్వాత కాళ్ళు, ఆఖరికి తల. తల మీద ఏదైనా ఉంటే తీసెయ్."

ఉద్యోగం తూకం మిషన్లు మరమ్మతు చేసే కంపెనీలో. కొట్టు కొట్టుకూ తిరిగి, మిషను సరిగ్గా తూస్తోందో లేదో చూసి, లేకపోతే బాగుచేయాలి. బండి నడపడం రావాలి, బండి సొంతదై ఉండాలి అని ప్రకటనలో లావు అక్షరాలతో వేశారు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి ఒక బస్సు ఆగిపోయి ఉంది. దిగిన జనమంతా పక్కన నిలబడి డ్రైవరును తిడుతుంటే, ఒకడు మాత్రం రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా ఎంత ఇస్త్రీ చేసి ఉందంటే, దాని మడత తగిలితే చెయ్యి తెగేలా ఉంది.

"డాక్టరమ్మా, కొంచెం సాయం చెయ్యండి. పది గంటలకి ఇంటర్వ్యూ. ఫ్యాక్టరీల రోడ్డు దాకా దింపేస్తే మీ పేరు చెప్పుకుంటాను."

తన ఒంటి మీద గౌను చూసి అతను అలా అనుకున్నాడని ఆమెకు వెంటనే అర్థమైంది. కాదని చెప్పబుద్ధి కాలేదు. "ఎక్కండి, నేనూ అటే," అంది.

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నానని అర ఫర్లాంగు పోయాక తెలిసింది. అతను వెళుతున్నదీ ఆ కంపెనీకే, ఆ ఉద్యోగానికే. అతని నోట్లో నువ్వుగింజ నానదు. చొక్కా నలగకుండా నిటారుగా కూర్చుని, గాలికి ఎదురు అరుస్తూ తన కథంతా చెప్పేశాడు. చెప్పుల దుకాణంలో అమ్మకాలు చేసేవాడట. దుకాణం ఎత్తేశారట. మిషన్ల పని మూడు నెలల కోర్సులో నేర్చుకున్నాడట.

"అక్కడ ఒక తిరకాసు పరీక్ష పెడతారండి. నా స్నేహితుడు పోయినేడు వెళ్ళొచ్చాడు. మిషను లెక్క తప్పు చూపిస్తుంది. అందరూ స్క్రూడ్రైవర్ తీసి విప్పుతారు. మిషను బానే ఉంటుంది. బల్లకి ఒక కాలు పొట్టి, అంతే. ఆ కాలి కింద కాగితం మడిచి పెడితే చాలు."

"అలాగా," అంది మిరియం, ఏమీ తెలియనట్టు.

"ఇంకో చిక్కు ఉందండి. బండి ఉండాలంటున్నారు. నాకు లేదు, నడపడమూ రాదు. ఉద్యోగం వస్తేగానీ బండి కొనలేను. బండి ఉంటేగానీ ఉద్యోగం ఇవ్వరు. మీరే చెప్పండి, ఏది ముందు?"

ఈలోగా గేటు వచ్చింది. బండిని ప్రహరీ పక్కన నిలిపాక అతను దిగి, చొక్కా సర్దుకుని, ఆమె చేతిలోని హెల్మెట్ వైపు ఆశగా చూశాడు.

"ఒక్క అరగంట అరువిస్తారా? చేతిలో హెల్మెట్ ఉంటే బండి ఉన్నట్టే లెక్క. ఇక్కడే ఈ గేటు దగ్గరే తెచ్చి ఇచ్చేస్తాను."

ఇవ్వకూడదని ఆమెకు తెలుసు. కానీ ఇస్తే ఏమవుతుందో చూడాలన్న కోరిక ముందు ఆ తెలివి నిలబడలేదు. హెల్మెట్ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని చంకలో ఇరికించుకుని, పుట్టినప్పటినుంచీ బండి మీదే తిరుగుతున్నవాడిలా దర్జాగా మెట్లెక్కాడు.

మిరియం కాపలావాడి గది చాటుకు వెళ్ళి వదిన చెప్పిన వరసలో మొహం, కాళ్ళు, తల చూసుకుంది. గౌను విప్పి సంచిలో కుక్కింది. పైకి వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చునేసరికి అతను లోపలి గదిలోంచి చిరునవ్వుతో బయటికి వస్తున్నాడు. గౌను లేని డాక్టరమ్మను, ఆమె ఒళ్ళోని ఫైలును చూశాడు. చిరునవ్వు అలాగే ఉంది గానీ, దాని వెనక మనిషి లేడు. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి బెంచీ చివర కూర్చుని హెల్మెట్‌ను కాళ్ళ మధ్య దాచుకున్నాడు.

లోపల ఇద్దరున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న మేనేజరమ్మ, ఆమె పక్కన బుగ్గ మీసాల ముసలి మెకానిక్. మధ్యలో బల్ల మీద నగల కొట్లో వాడే చిన్న తూకం మిషను. మెకానిక్ దాని మీద పది గ్రాముల రాయి పెట్టాడు. అంకెలు నిలబడకుండా పైకీ కిందకీ గంతులేశాయి.

"దీని సంగతేంటో చూడమ్మా," అన్నాడు.

మిరియం ముందు మిషను మూలన ఉన్న గాజు కన్నులోకి చూసింది. మిషను సమంగా కూర్చుంటే ఆ కన్నులో గాలిబుడగ నట్టనడుమ ఉంటుంది. అది ఒక అంచుకు పోయి ఉంది. వంగి బల్ల కిందకు చూసింది. ఒక కాలి కింద నాలుగు మడతల కాగితం. ఈ ఏడు బల్ల సమంగానే ఉన్నట్టుంది. దాన్ని వంకర చేసిపోయింది ఇస్త్రీ చొక్కాయే. నవ్వును పంటి బిగువున ఆపుకుని కాగితం లాగేసింది. బుడగ మధ్యకు వచ్చింది. అంకెలు మాత్రం ఇంకా గంతులేస్తూనే ఉన్నాయి.

ఆమె తల పైకెత్తింది. నడినెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. లేచి వెళ్ళి స్విచ్చి ఆపింది. రెక్కలు నెమ్మదించే కొద్దీ అంకెలూ నెమ్మదించి, పది దగ్గర బుద్ధిగా ఆగాయి.

"దీనికి గాలి తగలకుండా అద్దం మూత ఉండాలండి. ఎవరు దాచారు?"

మెకానిక్ సొరుగులోంచి మూత తీసి బల్ల మీద పెట్టాడు. దొరికిపోయినందుకు మీసాల్లోనే నవ్వుకున్నాడు.

మేనేజరమ్మ కాగితం చూసుకుంటూ, "బండి ఉందా?" అని అడిగింది.

"ఉందండి."

"ఏది, చూపించండి."

మిరియం కిటికీ దగ్గరికి వెళ్ళింది. ప్రహరీ పక్కన ఉన్నదే ఒక్క బండి. దాన్నే చూపించింది. లోపలివాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇందాక అతను కూడా దాన్నే చూపించాడే," అంది మేనేజరమ్మ. "ఇద్దరూ కలిసి వచ్చారా? అతను మీకు ఏమవుతారు?"

"ఇంకా ఏమీ అవలేదండి. అరగంట క్రితం వంతెన దగ్గర దొరికారు."

మేనేజరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత అతన్ని లోపలికి పిలిపించింది. "వాన వచ్చేలా ఉంది. మీ బండి తీసుకెళ్ళి మా షెడ్డులో పెట్టి రండి," అంది, చాలా మర్యాదగా.

అతను మిరియం వైపు తిరిగి, "తాళం మీ దగ్గరే ఉండిపోయినట్టుందండి," అన్నాడు. ఆమె అంతే మర్యాదగా తాళం అందించింది.

ముగ్గురూ కిటికీ దగ్గర చేరారు. కింద అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. అది అతని తలకు చిన్నదై నెత్తి మీద గిన్నెలా నిలిచింది. బండి ఎక్కి తాళం తిప్పి ఒక తన్ను తన్నాడు. బండి దగ్గి ఊరుకుంది. పది తన్నులు తన్నాక దిగాడు. చోక్ లాగి మూడు తన్నులు తంతేగానీ అది లేవదని మిరియానికి ఒక్కదానికే తెలుసు. మొదట్లో ఆమెకు నవ్వు ఆగలేదు. కానీ అతను పారిపోలేదు. హ్యాండిలు పట్టుకుని ఆ ఏనుగును నెట్టడం మొదలెట్టాడు. షెడ్డు దాకా ఎత్తు. సగం దూరంలో వాన అందుకుంది. ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. బురదలో ఒక మోకాలు ఆనింది.

"నే వెళ్ళి పట్టుకుంటానండి," అంది మిరియం.

"ఉండండి," అంది మేనేజరమ్మ.

అతను బండిని షెడ్డులో స్టాండు వేసి నిలబెట్టి, మెట్లెక్కి వచ్చి, తాళం, హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి.

"బండి నాది కాదండి. నాకు నడపడం రాదు. కానీ లోపల పెట్టాను," అన్నాడు. తర్వాత మిరియం వైపు చూసి, "పరీక్ష గురించి వాగకుండా ఉండాల్సింది," అన్నాడు.

"మీరు చెప్పింది పోయినేటి పరీక్షండి. మీ కాగితం నేనే తీశాను," అంది ఆమె.

ముసలి మెకానిక్ ఇక ఆపుకోలేక పక్కకు తిరిగి దగ్గినట్టు నవ్వాడు. మేనేజరమ్మ నవ్వలేదు. మిరియాన్ని సోమవారంనుంచి పనిలోకి రమ్మంది. అతనితో, "అబద్ధం చెప్పినందుకు పంపించెయ్యాలి. బండి తోసినందుకు ఒక మాట చెబుతున్నా. ఇంకో ఖాళీ నెలాఖరు దాకా ఉంటుంది. షెడ్డులో కంపెనీ బండి ఒకటి మూలపడి ఉంది. నడపడం నేర్చుకుని, మెకానిక్ దగ్గర పరీక్ష నెగ్గితే చూద్దాం. ఉద్యోగం ఇస్తానని మాట మాత్రం ఇవ్వడం లేదు," అంది.

వాన వెలిశాక మిరియమే అతన్ని వంతెన దాకా తీసుకెళ్ళింది. అతను దిగబోతుంటే, అతన్ని మరికాస్త తిప్పలు పెట్టాలన్న కోరిక ఆమెలో ఇంకా మిగిలే ఉందని ఆమెకే తెలిసింది.

"రేపు ఆరింటికి బజారు వెనక మైదానానికి రండి. ఇస్త్రీ లేని చొక్కా వేసుకోండి," అంది.

ఇరవై రోజులు నేర్పింది. అతను మూడుసార్లు పడ్డాడు, ఒకసారి ఆమెనూ పడేశాడు. క్లచ్ వదలమంటే బ్రేకు తొక్కేవాడు, బ్రేకు తొక్కమంటే దండం పెట్టేవాడు. సాయంత్రాలు ఆమె తెచ్చిన పాత మిషన్లు విప్పి బిగించడం మాత్రం చురుగ్గానే పట్టుకున్నాడు. వదిన అతని మోచేతులకు మందు రాస్తూ, "నా ఆడపడుచును నమ్ముకుని వచ్చావా నాయనా," అని జాలిపడింది.

అతని రెండో ఇంటర్వ్యూ రోజున బండి మీద అతను ముందు, ఆమె వెనక. మొదటి గేరు దాటడానికి అతనికి మనసొప్పలేదు. ఫ్యాక్టరీల రోడ్డు మీద సైకిలు తొక్కుతున్న ఒక పెద్దాయన వెనకనుంచి వచ్చి, కాసేపు పక్కపక్కనే నడిపి, ఎగాదిగా చూశాడు.

"బండి కొత్తదా బాబూ?" అని అడిగాడు.

"బండి పాతదేనండి. నేనే కొత్త."

పెద్దాయన తల ఊపి, గంట కొట్టి, వాళ్ళను దాటి వెళ్ళిపోయాడు. వెనక మిరియం నవ్వు బిగబట్టినకొద్దీ బండి ఊగుతోంది. అతను మాత్రం హ్యాండిలు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, పదికి రెండు నిమిషాలుండగా గేటు దాటించాడు. మధ్యాహ్నానికి కంపెనీ బండి తాళం అతని చేతిలో పడింది. దాన్ని స్టార్టు చెయ్యడానికి పదకొండు తన్నులు పట్టాయి. అయితే ఈసారి అతను దిగి నెట్టలేదు.