సైదమ్మ గదికి పడిన తాళం

నేను ఒక తాళం కప్పను. పిడికిట్లో ఇమిడేంత ఉంటాను గానీ బరువు మాత్రం గట్టిదే. ప్రస్తుతం ఒక పోలీస్ స్టేషన్ వెనక గదిలో, పట్టుబడిన సారా డబ్బాలకూ చక్రం లేని సైకిలుకూ మధ్య ఒక బల్ల మీద ఉన్నాను. నా మెడకు దారంతో ఒక అట్టముక్క కట్టారు. దాని మీద దాడికి వాడిన ఆయుధం అని రాశారు. ఇన్నాళ్లూ నన్ను సామాను అన్నవాళ్లే తప్ప ఆయుధం అన్నవాళ్లు లేరు. చదివినప్పుడల్లా గుండె దడదడలాడుతుంది. నాలాంటి ఇనప ముద్దకు గుండె ఉంటుందా అని మీరు నవ్వితే నవ్వండి.

ఉత్తరాదిన తాళాలు చేసే ఊళ్లో, ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఆ రోజు నన్ను కత్తిరించిన ప్రెస్సు కిందే పనిచేసే మనిషి చూపుడువేలు కూడా తెగిపడింది. అతను కేక పెట్టేలోగా మిషను మరో దెబ్బ వేసింది. యజమాని గుడ్డముక్క తెచ్చి ముందు నన్ను తుడిచాడు. తుప్పు పట్టకూడదు కదా! నేను అట్టపెట్టెలోకి వెళ్లాను, ఆ మనిషి వేలు చేతిలో పట్టుకుని షెడ్డు బయటికి వెళ్లాడు. మళ్లీ అతన్ని చూడలేదు.

లారీలు మారి తెలంగాణలో ఒక రైసు మిల్లుల పట్నానికి వచ్చాను. కిరాణా కొట్టు సోమనర్సయ్య నన్ను కొన్నాడు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. షట్టరు దించి నన్ను వేశాక లాగి చూసేవాడు, నాలుగడుగులు వేసి తిరిగొచ్చి మళ్లీ లాగేవాడు, చివరికి నాకో దండం పెట్టి పోయేవాడు. దేవుడికి కూడా అంత నమ్మకంగా పెట్టేవాడు కాదు. పగలు కొట్టు తెరిచినంతసేపూ బల్ల పక్క మేకుకు తగిలించేవాడు. అక్కడినుంచి నాకు వినపడని మాట ఉండేది కాదు.

కొట్టు వెనక ఆయనకు రేకుల గదుల వరుస ఒకటి ఉంది. అన్నీ కిరాయికిచ్చాడు. చివరి గదిలో సైదమ్మ, ఆమె భర్త జానయ్య ఉండేవాళ్లు. జానయ్య మిల్లులో హమాలీ. ఏళ్ల తరబడి వడ్ల దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్నాడు. సైదమ్మ హోటల్లో గిన్నెలు తోమేది. వాళ్లు మొదటినుంచీ కిరాయివాళ్లు కారు. చెరువు అవతలి గుడిసెల బస్తీలో వాళ్లకు సొంత గుడిసె ఉండేది. గుడిసెలు తీసేసి అక్కడే పక్కా ఇళ్లు కట్టిస్తామని సర్కారువాళ్లు వచ్చారు. కట్టేదాకా నెలనెలా కిరాయి సాయం ఇస్తామన్నారు. సైదమ్మ బొగ్గుతో మసిబారిన తన మట్టిగోడకు దండం పెట్టి బయటికొస్తే, వెనకాలే బుల్డోజరు ఆ గోడను ఒక్క తోపుతో పడేసింది. పొయ్యి మీద ఉన్న గంజి తీసుకోనివ్వమంటే కూడా ఆగలేదట.

కిరాయి సాయం కొన్నాళ్లు వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఇళ్లు మాత్రం లేచాయి, రంగులు కూడా పడ్డాయి. సైదమ్మకు జబ్బు మనిషి ఉన్నాడని కింది అంతస్తులో ఇల్లు రాశారు. అయితే తాళంచెవులు ఇవ్వలేదు. రాజధానినుంచి పెద్దసారు వచ్చి రిబ్బను కత్తిరించాలి. ఆయనకు తీరిక దొరకలేదు.

సోమనర్సయ్య రోజూ అడిగేవాడు.

"ఏం సైదమ్మా, సర్కారు కిరాయి పంపిందా?"

"పంపుతదంట సేటూ. ఆఫీసుకు వోతే బడ్జెటు రాలేదన్నరు."

"మరి నన్నేం జెయ్యమంటవు? నేను గూడ బడ్జెటు రాలేదని బియ్యం బస్తాలు పంపెటోనికి చెప్పాల్నా?"

"నీ గదులు కూలగొట్టి కిరాయిస్తమని చెప్తే తెలుస్తుండె సేటూ, వాళ్ల మాటెట్లుంటదో."

ఆయన నవ్వేవాడు, తల గోక్కునేవాడు, టీపొడి పొట్లం ఆమె చేతిలో పెట్టేవాడు. ఒక్కోసారి జానయ్య గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చి కొట్టు ముందు కూర్చునేవాడు. "మా ఇంటికి రంగేసిండ్రు సేటూ. మమ్ముల గూడ ఒకపాలి రంగేసి లోపట పెడితే అయిపోతుండె," అని దగ్గలేక దగ్గేవాడు.

ఎండాకాలంలో జానయ్యకు ఊపిరి అందలేదు. పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారు. సైదమ్మ అక్కడినుంచే సోమనర్సయ్యకు ఫోను చేసింది. "తోలుకొస్తున్న సేటూ. జర గది ఊడిపియ్యి, చాప పరిపియ్యి," అంది. మనసులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు. ఆ ఒక్క ఫోనే ఆమె కొంప ముంచింది.

సోమనర్సయ్య ఫోను పెట్టేసి పంచాంగం తీశాడు. వేలు పెట్టి చూశాడు. ముఖం పాలిపోయింది. ధనిష్ఠ నడుస్తోంది. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటిని ఆరు నెలలు పాడుపెట్టాలి, దీపం పెట్టకూడదు, ఎవరూ ఉండకూడదు. గదులన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. వరుసంతా ఖాళీ చేయాలి.

ఆయన నన్ను మేకు మీదనుంచి తీసి బిక్షానికిచ్చాడు. బిక్షం కొట్లో మూటలు మోసేవాడు. ఒకప్పుడు జానయ్యతో కలిసి మిల్లులో బస్తాలు మోసినవాడు. అతనూ అదే వరుసలో కిరాయికి ఉంటాడు, అతనూ బాకీయే.

"పోయి చివరి గదికెయ్యి. అడిగితే నేనే ఏపిచ్చిన్నని చెప్పు."

బిక్షం నన్ను చేతిలో పట్టుకుని చాలాసేపు గది ముందు నిలబడ్డాడు. లోపల సైదమ్మ ఉతికి ఆరేసిన చీర తీగ మీద ఉంది. తర్వాత కళ్లు పక్కకు తిప్పుకుని, తలుపు దగ్గరికేసి గొళ్లెంలో నన్ను నొక్కాడు. టక్కుమంది. మనుషుల మధ్య నేను చేసే చప్పుడు అదొక్కటే.

ఆటో వచ్చింది. సైదమ్మ ఒడిలో జానయ్య తల. దిగి తలుపు చూసింది, నన్ను చూసింది.

"ఎవలేసిండ్రిది?"

"నేనే ఏపిచ్చిన," అన్నాడు సోమనర్సయ్య వాకిట్లోకి వస్తూ. "నీ బాకీ ఇడిసిపెడ్తనే. ఒక్క పైస వద్దు. ఈ గడియ దాటిందాక ఏడన్న పెట్టు. ధనిష్ఠ పట్టింది తల్లీ."

"ఏడ వెట్టాలె? రోడ్డు మీద వెట్టాల్నా? కుక్కనా ఆయిన?"

"ఆస్పత్రిల్నే ఉంచకపోతివి."

"ఆడ మంచం లేదన్నరు, ఈడ నచ్చత్రం లేదంటవు. మీ అందరి దగ్గర ఏదో ఒకటి లేదు గద సేటూ!"

వాకిట్లో ఉన్న రోకలి అందుకుంది. అడ్డం వచ్చిన సోమనర్సయ్యను భుజంతో నెట్టేసింది. మొదటి దెబ్బ నా నుదుట పడింది. రెండోది గొళ్లెం మీద. చెక్క చిట్లింది. మూడోదానికి గొళ్లెం మేకులతో సహా ఊడొచ్చింది, దానితో నేనూ ఊడి నేల మీద పడ్డాను, వేసింది వేసినట్టే ఉండి.

బిక్షం వెనకనుంచి ఆమె కొప్పు పట్టుకున్నాడు. "వద్దు వదినే, వద్దు," అని ఏడుస్తూనే లాగాడు. ఆమె వెల్లకిలా పడింది. చేతికి నేను తగిలాను. కొంగులో చుట్టి, లేచి, ఒక్క తిప్పు తిప్పి కొట్టింది. బిక్షం దవడ విరిగిన చప్పుడు నా ఒంట్లోనుంచి పోయింది. నోటినిండా రక్తం. ఒక పన్ను నా కొండీకి గీసుకుని రాలింది. అతను నేల మీద కూలబడి, ఎందుకు కొట్టావన్నట్టు కాక, ఇంత గట్టిగానా అన్నట్టు ఆమెను చూశాడు.

తలుపు తెరిచే ఉంది. అయినా ఆమె లోపలికి పోలేకపోయింది. గదుల వరుసలోని ఆడవాళ్లు పిల్లల్ని చంకనెత్తుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. వాళ్లలో బిక్షం భార్య కూడా ఉంది. మొగుడి రక్తం చూసి కూడా ఆమె తిట్టలేదు, చేతులు జోడించింది.

"వదినే, నీ కాళ్లు మొక్కుత. అన్న ఈడ పోతే ఆరు నెల్లు మేమేడికి పోవాలె? మాకెవలిస్తరు కిరాయికి?"

సైదమ్మ చేయి పైకి లేచింది. కొంగు చివర నేను ఊగుతున్నాను. బిక్షం భార్య చంకలోని పిల్ల నన్నే చూస్తోంది. ఏ మనిషి దగ్గరా నేను అంతగా భయపడలేదు. చేయి దిగిపోయింది. ఆమె ఆటోలో కూర్చుని జానయ్య తల ఒడిలోకి తీసుకుంది.

"పోనియ్యి తమ్మీ," అంది ఆటో అతనితో. "మా ఇంటికి పోనియ్యి."

చెరువు అవతల ఆ ఇళ్లను అప్పుడే మొదటిసారి చూశాను. వరుసలు వరుసలుగా, పసుపు రంగులో, ఒక్క మనిషి లేకుండా. ప్రతి తలుపుకూ ఒక తాళం. అచ్చం నాలాంటివే, నా షెడ్డులోనే పుట్టినవి కావచ్చు. అవి కాపలా కాస్తున్న గదుల్లో పోవడానికి ఏమీ లేదు. కాపలావాడు గేటు దగ్గర లేడు, బీడీకి పోయినట్టున్నాడు.

సైదమ్మ తన తలుపు వెతుక్కోనక్కర్లేకపోయింది. దానికి రంగు వేస్తున్నప్పటినుంచీ వచ్చి చూసి పోతూనే ఉంది. కొంగులోనుంచి నన్ను తీసి, ఆ తలుపుకున్న తాళం మీద నన్నే కొట్టింది. ఇనుము మీద ఇనుము. దాని పక్క చీలింది, నా పక్కా చీలింది. నాలాంటిదాన్ని చంపడానికి నన్నే వాడారు. దాని కొండీ తెగి వేలాడింది. తలుపు తోస్తే సిమెంటు వాసన కొట్టింది.

జానయ్యను ఆటో అతను ఎత్తుకొచ్చి గోడవారగా పడుకోబెట్టి, ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. కిరాయి అడగలేదు.

"ఎవలిల్లే ఇది?" అన్నాడు జానయ్య కళ్లు తెరిచి.

"మనదే."

"కిరాయెంత?"

"కిరాయి లేదయ్యా."

అతనికి నవ్వొచ్చింది, దగ్గొచ్చింది, రెండింట్లో ఏది ముందో తెలియలేదు. "గట్లయితే మనది కాదు తియ్యి," అన్నాడు.

ఆమె అరచేత్తో అతని రొమ్ము రాస్తూ కూర్చుంది. ఇక్కడే మన పొయ్యి ఉండేది అంది, అక్కడ మేకను కట్టేవాళ్లం అంది. అతను తల ఊపాడు. కాసేపు ఆ ఇంట్లో సంసారం జరిగింది. గచ్చు మీద పడి ఉన్న నేను చూశాను.

ముందు కాపలావాడి కేకలు వినపడ్డాయి, తర్వాత జీపు. సోమనర్సయ్య ఫిర్యాదు ఇచ్చాడు, కాపలావాడు ఫోను చేశాడు, రెండింట్లోనూ ఉన్నది ఒకే సైదమ్మ అని తేలింది. హెడ్ కానిస్టేబుల్ లోపలికొచ్చి బూటుతో నన్ను పక్కకు తన్నాడు.

"లే! ఎవడి జాగనుకున్నవ్?"

"మాదే సారూ. కాయితం ఉంది. జర ఆగుండ్రి. ఎక్కువసేపు పట్టదు."

లాఠీ ఆమె వీపు మీద పడింది. ఆమె జానయ్య మీద బోర్లా పడి కప్పుకుంది. మళ్లీ పడింది, మళ్లీ. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెను జుట్టు పట్టి లేపారు, ఇంకో ఇద్దరు జానయ్యను కాళ్లు పట్టి బయటికి ఈడ్చారు. ఆమె విడిపించుకుని గడప దగ్గర అతని చంకల కింద చేతులు దూర్చి లోపలికి లాగింది. వాళ్లు బయటికి లాగారు. ఆమె మణికట్టు మీద లాఠీతో కొట్టారు. ఎముక విరిగినా చేయి వదల్లేదు.

అప్పుడు జానయ్య ఒక్కసారి పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. అది తిరిగి బయటికి రాలేదు.

అందరూ వదిలేశారు. అతను గడప మీద ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. నన్ను రుమాలుతో పట్టుకుని సంచిలో వేశాడు.

రెండు రోజుల తర్వాత ఇళ్ల ఆఫీసునుంచి ఒక సారు స్టేషనుకు వచ్చాడు. సైదమ్మ చేతికి కట్టుతో నేల మీద కూర్చుని ఉంది. ఆయన కుర్చీ జరుపుకుని మెత్తగా మాట్లాడాడు.

"చూడమ్మా, ప్రారంభం కాకముందే ఇంట్లో చావు జరిగిందంటే పెద్దసారు అడుగు పెట్టడు. అందరి ఇళ్లూ ఆగిపోతాయి. నీ భర్త రోడ్డు మీద పోయాడని చెప్పు. తాళం పగలగొట్టిన కేసు మేం చూసుకుంటాం. నీ ఇల్లు నీకే."

సోమనర్సయ్యకు పంచాంగంలో పట్టిన భయమే సర్కారుకూ పట్టిందన్నమాట.

సైదమ్మ కట్టున్న చేతిని ఒడిలోకి తీసుకుంది. ఆమె ఒప్పుకుంటుందని అనుకున్నాను. ఒప్పుకోవాలనీ అనుకున్నాను. ఇల్లమ్మా, ఒక్క మాటే కదా, అని నాకు నోరుంటే అనేదాన్ని.

"తల లోపట ఉండె సారూ," అంది. "కాళ్లే బయట."

"ఏదో ఒకటి చెప్పాలి."

"తల ఏడుంటే మనిషి ఆడున్నట్టే. మా ఇంట్ల పోయిండు."

"ఇల్లు పోతుంది, ఆలోచించుకో."

"రోడ్డు మీద సచ్చిండంటే ఆయిన పోతడు సారూ. ఒకపాలి పోయిండు గద, మళ్ల పంపలేను."

ఆయన లేచి వెళ్లిపోయాడు. ఇళ్ల జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. బిక్షం దవడ కేసు, తాళం కేసు రెండూ నడుస్తున్నాయి. వారానికోసారి స్టేషనుకొచ్చి వేలిముద్ర వేసి పోవాలి. ఎక్కడ ఉంటోందో నాకు తెలియదు. హోటల్ వెనక పడుకుంటోందని ఒక కానిస్టేబుల్ అనగా విన్నాను.

మొన్న ఆమె వచ్చిన రోజే చెరువు వైపునుంచి బ్యాండుమేళం వినపడింది. తర్వాత టపాసులు. నా బల్ల పక్క కిటికీలోనుంచి వరండా కనిపిస్తుంది. లాఠీ పట్టిన హెడ్ కానిస్టేబులే ఆమెకు సిరా డబ్బా జరిపి, కాస్త ఇబ్బందిగా అన్నాడు:

"మీ బస్తీ ఇండ్లు ఇయ్యాల ఇస్తుండ్రంట. సూడనీకి పోలేదా?"

సైదమ్మ వంకరగా అతికిన చేత్తో బొటనవేలు నొక్కింది. సిరా కొంగుకు తుడుచుకుంది.

"నేను మా ఇంటికి పొయ్యొచ్చిన సారూ, ఆయినతోని."